నా పేరు మీద అచ్చయిన అబద్ధం

పరిశోధనలో చేరబోయేవాళ్ళు మా ఇంటికి వస్తే, కాఫీ చేతికి అందకముందే అడిగే ప్రశ్న ఒకటుంది. "పేపర్లు ఎన్ని ఉండాలండి మేడం? సైటేషన్లు ఎన్నుంటే మంచిదండి?" నా అంకె వాళ్ళకు ముందే తెలుసు. ఫోనులో నా పేరు కొడితే వస్తుంది. మా ప్రాంతంలో న్యూరోసైన్స్ చేసినవాళ్ళకు అది పెద్ద అంకె. అది చూసే నన్ను వెతుక్కుంటూ వస్తారు.

ఆ అంకెలో సగానికి పైగా ఒకే ఒక్క పేపరు సంపాదించింది. ఆ పేపరు చెప్పేది అబద్ధం. ఎదురుగా కూర్చోబెట్టి ఈ మాట చెబితే, పెద్దావిడ వినయం కొద్దీ అంటోందనుకుని నవ్వుతారు. అందుకే రాస్తున్నాను. ప్రమోషన్లు, ఇన్‌స్పెక్షన్లు, ఫైళ్ళ గొడవ ఇందులో ఉండవు. వాటి గురించి చెప్పడానికి ప్రతి కాలేజీలోనూ ఒకరుంటారు.

సైటేషన్ అంటే ఏమిటో తెలియనివాళ్ళకు ఒక్క మాట. ఎవరైనా తమ పేపరులో "ఫలానావారు ఇలా తేల్చారు" అని మన పేపరును చూపిస్తే, అది మన ఖాతాలో ఒక సైటేషన్. ఎందుకు చూపించారన్నది లెక్కలోకి రాదు. మంచికి వాడుకున్నా, చెడుకు వాడుకున్నా ఒకటి పెరుగుతుంది.

మడమ దగ్గర పని

న్యూరోసైన్స్ అనగానే అందరూ మెదడు అనుకుంటారు. నా ఉద్యోగం చాలావరకు కాలి మడమ దగ్గరే గడిచింది. రాజమండ్రికి దగ్గర్లో ఉన్న ఒక వైద్య కళాశాలలో నరాల పరీక్షల ల్యాబ్ చూసేదాన్ని. పిక్క మీద చిన్న షాక్ ఇస్తాం. అది నరం వెంట మడమ దాకా ఎంత వేగంగా, ఎంత బలంగా చేరిందో తెర మీద చూస్తాం. నరం బాగుంటే గీత నిటారుగా లేచి దిగుతుంది. దెబ్బతింటే కుంగిపోతుంది. చూడ్డానికి ఇంతే.

నాకు ఈ పని విశాఖపట్నంలో ఒక మాస్టారు నేర్పారు. గ్రాఫులు పట్టుకుని ఆయన గదిలోకి వెళ్తే వాటివైపు చూసేవారే కాదు. "పాదం ముట్టుకుని చూశావామ్మా? వెచ్చగా ఉందా, చల్లగా ఉందా?" అదే మొదటి ప్రశ్న. పాదం చల్లగా ఉంటే మంచి నరం కూడా నెమ్మదిస్తుంది. ఏసీ గదిలో పడుకోబెట్టి కొలిస్తే ఆరోగ్యవంతుడు కూడా రోగి అయిపోతాడు. అందుకని ముందు పాదాలను వెచ్చబెట్టాలి, చేత్తో ముట్టుకుని చూడాలి, అప్పుడే షాక్ ఇవ్వాలి. ముట్టుకోకుండా కొలిచిన గ్రాఫు ఎంత అందంగా ఉన్నా ఆయన పక్కకు తోసేసేవారు. ఆయన జీవితం మొత్తంలో రాసిన పేపర్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఇవాళ్టి రోజుల్లో అయితే ఆయన్ని ఇంటర్వ్యూకు కూడా పిలవరు.

నూకరాజు

నూకరాజు కడియం వైపు ఒక నర్సరీలో మొక్కలకు మందు కొట్టే మనిషి. నలభై దాటలేదు. మొదటిసారి వచ్చినప్పుడు పక్కన భార్య మంగ ఉంది. మాట్లాడింది ఎక్కువగా ఆవిడే.

"ఈయన కాలి చెప్పు ఎక్కడో జారిపోయిందండి. ఒంటి చెప్పుతో ఇంటిదాకా వచ్చేశాడు. నేను చూసి చెప్పేదాకా తెలవలేదండి."

"తాగి ఉన్నావా?" అని అడిగాను. అది మేం అందర్నీ అడిగే ప్రశ్నే.

నూకరాజు తల అడ్డంగా ఊపాడు. "అలవాటు లేదండి. కాళ్ళు నావి కానట్టుంటన్నాయండి. దూది మీద నడిచినట్టుంటదండి."

పాదాలు వెచ్చబెట్టి, ముట్టుకుని, పరీక్ష చేశాను. గీత లేవలేదు. షుగరు లేదు, మద్యం లేదు, వెన్నులో తేడా లేదు. ఏళ్ళ తరబడి మందు డబ్బా వీపున వేసుకుని, నిక్కరుతో, వట్టికాళ్ళతో తడిమట్టిలో నడిచిన మనిషి. నీతోపాటు మందు కొట్టేవాళ్ళు ఇంకెవరైనా ఇలా అంటున్నారా అని అడిగితే, మంగ వేళ్ళు మడిచి పేర్లు చెప్పడం మొదలుపెట్టింది.

అక్కడే నా అధ్యయనం మొదలైంది. మూడు రకాల మనుషుల్ని పరీక్ష చేశాను. నర్సరీల్లో మందు కొట్టేవాళ్ళు ఒక రకం. అదే నర్సరీల్లో మందు డబ్బా ముట్టుకోకుండా సంచుల్లో మట్టి నింపేవాళ్ళు, మొక్కలు మోసేవాళ్ళు రెండో రకం. వీటితో ఏ సంబంధమూ లేకుండా రాజమండ్రి బట్టల దుకాణాల్లో రోజంతా నిలబడి పనిచేసేవాళ్ళు మూడో రకం. ఫలితం ఎవరికైనా అర్థమయ్యేదే. మందు కొట్టేవాళ్ళ నరాలు బాగా దెబ్బతిన్నాయి. పక్కన మట్టి పని చేసేవాళ్ళవీ దెబ్బతిన్నాయి, కొంచెం తక్కువ. ఆ గాలి వాళ్ళూ పీలుస్తారు, ఆ మట్టి వాళ్ళూ పిసుకుతారు. బట్టల దుకాణాలవాళ్ళ నరాలు బాగున్నాయి.

పేపరు రాశాను. మొదటి పేరు నాది. చివరి పేరు మా డిపార్ట్‌మెంట్ హెడ్ గారిది.

మా హెడ్ గారు

హెడ్ గారు చెడ్డ మనిషి కాదు. ఇది ముందే చెప్పాలి, ఎందుకంటే చెడ్డవాళ్ళనైతే మీరు సులభంగా గుర్తుపడతారు. పేద పిల్లల ఫీజులు కట్టారు. ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదు. పురుగుమందుల కంపెనీ వాళ్ళెవరూ ఆయన గుమ్మం తొక్కలేదు. ఆయనకున్నది తొందర ఒక్కటే. పెద్ద సంస్థలో డైరెక్టరు పోస్టు ఒకటి ఖాళీ అయింది. దరఖాస్తు గడువులోగా పెద్ద జర్నల్లో ఒక పేపరు కావాలి.

జర్నల్ వాళ్ళు పేపరును అచ్చుకు ముందు ఒకరిద్దరు నిపుణులకు పంపుతారు. వాళ్ళను రివ్యూయర్లంటాం. అందులో ఒకాయన, నర్సరీ కూలీల్ని దుకాణం గుమాస్తాలతో పోల్చకూడదు, ఒకే రకం పనీ ఒకే రకం బతుకూ ఉన్నవాళ్ళతోనే పోల్చాలి అని రాశాడు. దీనికి జవాబు రాయొచ్చు. ఎందుకు అలా పోల్చామో రెండు పేజీల్లో చెప్పి, ఒప్పించడానికి కొన్ని నెలలు ఆగొచ్చు. ఉత్తరప్రత్యుత్తరాలన్నీ హెడ్ గారి పేరు మీద నడుస్తాయి కాబట్టి ఆ సంగతి నా దాకా రాలేదు. ఆయన బట్టల దుకాణాలవాళ్ళను మొత్తం తీసేశారు. మందు కొట్టేవాళ్ళను మట్టి పని చేసేవాళ్ళతో పోల్చారు. ఇద్దరూ దెబ్బతిన్నవాళ్ళే కాబట్టి తేడా చాలా చిన్నదైపోయింది. చివర ఒక వాక్యం చేర్చారు: మందు చల్లడం వల్ల నరాలకు చెప్పుకోదగ్గ హాని కనిపించలేదు.

అచ్చయిన కాపీని ఆయనే స్వీట్ డబ్బాతో పాటు నా టేబుల్ మీద పెట్టారు. చదివి ఆయన గదికి వెళ్ళాను.

"సార్, బట్టల కొట్లవాళ్ళు ఏరండి?"

"రివ్యూయర్ వద్దన్నాడమ్మా. నర్సరీలో పనిచేసేవాళ్ళతోనే పోల్చమన్నాడు."

"నర్సరీలో మందు గాలి అందరూ పీలుస్తారు కదండీ. దెబ్బతిన్నవాడి పక్కన దెబ్బతిన్నవాణ్ణే నిలబెడితే తేడా ఎక్కణ్ణుంచి వస్తుందండి?"

"ఒక్క అంకె అయినా మార్చామా అమ్మా?"

"లేదండి."

"మరింకేంటి?"

"హాని కనిపించలేదు అని రాశారు కదండీ."

"కనిపించలేదన్నాం. లేదు అనలేదు కదా," అని నవ్వారు. "తెలివైనదానివి. నీ పేరే ముందుంది. సంతోషించు."

నేను సంతోషించలేదు. ఆ వారమే జర్నల్ సంపాదకుడికి రాశాను, పేపరు వెనక్కి తీసుకోమని. పేపరు మీద పేర్లున్న వాళ్ళందరూ ఒప్పుకుంటేనే అది కుదురుతుందన్నారు. హెడ్ గారు ఒప్పుకోలేదు. చాలాకాలం రాయగా రాయగా, నా అభ్యంతరాన్ని ఒక ఉత్తరంగా వెనక పేజీల్లో వేశారు. దాని కిందనే హెడ్ గారి జవాబు వేశారు. చూసేవాళ్ళకు ఇద్దరు ఉద్యోగుల కీచులాట లాగా కనిపిస్తుంది. ఆ ఉత్తరాన్ని ఈనాటి వరకు ఎవరూ సైట్ చేయలేదు. పేపరును మాత్రం చేస్తూనే ఉన్నారు. పురుగుమందులు సురక్షితమే అని చెప్పదలచుకున్న ప్రతివాడికీ అది పనికొచ్చింది. ఇండియాలో కూడా చూశారు, కూలీల్నే చూశారు, ఏమీ లేదన్నారు అని రాసుకోవడానికి.

హెడ్ గారికి డైరెక్టరు పోస్టు వచ్చింది.

విచారణ

కొన్నేళ్ళకు నూకరాజు, మరికొందరు తమ యజమానుల మీద నష్టపరిహారానికి కేసు పెట్టారు. కార్మిక శాఖ ఆఫీసులో విచారణ. యూనియన్ తరఫున ఒకాయన వచ్చి, సాక్ష్యం చెప్పమని అడిగాడు. వెళ్ళాను. వాళ్ళ గ్రాఫులన్నీ తీసుకుని వెళ్ళాను.

యజమానుల లాయరు మర్యాదస్తుడు. లేచి నిలబడి నమస్కారం పెట్టి మరీ అడిగాడు.

"మేడం, ఈ పేపరు మీదేనాండి?"

"నాదేనండి."

"మొదటి పేరు మీదేనాండి?"

"నాదే. కానీ అందులో..."

"చివరి వాక్యం కాస్త చదివి, తెలుగులో చెబుతారాండి?"

చదివాను. తెలుగులో చెప్పాను. గదిలో ఒక పక్క బెంచీల మీద నూకరాజు వాళ్ళు కూర్చుని ఉన్నారు. ఆ వాక్యం వాళ్ళ ముందు నా నోటితో తెలుగులో పలకడం కన్నా కష్టమైన పని నా ఉద్యోగంలో ఇంకోటి చేయలేదు.

తర్వాత అంతా వివరించాను. ఎవరిని తీసేశారో, ఎందుకు తేడా తగ్గిందో, నా అభ్యంతరం ఎక్కడ అచ్చయిందో. అధికారి ఆ ఉత్తరం చూశాడు, దాని కింద హెడ్ గారి జవాబు చూశాడు. ఇంకో కాగితం తిప్పాడు.

"అమ్మా, మీరు పెద్ద చదువు చదివినవారు. పేపర్లో ఒకటి, ఇక్కడికొచ్చి ఒకటి చెబితే మేం దేన్ని పట్టుకోమంటారు?"

ఆయన తప్పని కూడా అనలేను. అచ్చయినదాన్నే పట్టుకున్నాడు. కేసు పోయింది.

బయట టీ కొట్టు దగ్గర నూకరాజు బల్ల పట్టుకుని నిలబడ్డాడు. అప్పటికే ఆసరా లేకుండా ఎక్కువసేపు నిలబడలేకపోతున్నాడు. నన్ను చూసి "మీరొచ్చారండి, అంతే చాలండి" అన్నాడు. మంగ అలా అనలేదు. నా వైపు తిరిగి, గొంతు పెంచకుండానే అంది.

"మా గురించి మీరు అసలేమీ రాయకపోయినా బాగుండేదండి. ఏమీ లేకపోతే ఆస్పత్రి చీటీలైనా నమ్మేవోరేమో."



రెండోసారి

మళ్ళీ మొదటి నుంచి చేయాలని నిర్ణయించుకున్నాను. ఈసారి నర్సరీల యజమానులు గేటు లోపలికి రానివ్వలేదు. అందరూ అని అనను. ఒకాయన మాత్రం "మావాళ్ళను తీసుకెళ్ళండి, బయటికి నా పేరు రానివ్వకండి" అన్నాడు. ఆదివారాలు ఊళ్ళో కమ్యూనిటీ హాల్లో మిషను పెట్టుకున్నాం. నాతోపాటు డాక్టర్ లలిత అని మా జూనియర్ వచ్చేది. పాదాలు వెచ్చబెట్టడానికి నీళ్ళు కాచే పని ఊళ్ళో ఆడవాళ్ళు తీసుకున్నారు. నూకరాజును రమ్మనడానికి నాకు మొహం చెల్లలేదు. కబురు విని తనే కర్ర పట్టుకుని వచ్చాడు.

"మళ్ళీ కరెంటు పెడతారాండి?"

"నీకు ఇష్టమైతేనే నూకరాజూ."

"పెట్టండి. కానీ ఈసారి మీరే రాయండి. ఇంకోళ్ళ చేతికి ఇవ్వకండి."

నేనే రాశాను. లలిత రాసింది. ఇద్దరం ప్రతి వాక్యాన్నీ గట్టిగా చదువుకుని, ఇద్దరం ఒప్పుకున్నాకే పంపించాం. మూడు రకాల మనుషులూ ఉన్నారు. ఫలితం పాతదే, ఇంకా స్పష్టంగా ఉంది.

పెద్ద జర్నల్ తిప్పి పంపింది. కారణం ఏం రాశారో తెలుసా? ఈ విషయం మీద ఇప్పటికే మంచి అధ్యయనం ఉంది, అందులో హాని కనిపించలేదని తేలింది, దాన్ని మీరు తగినంతగా పరిగణించలేదు అని. ఆ మంచి అధ్యయనం నాదే. నా పేపరును నా మీదికే విసిరారు. అది చదివి లలిత ఏడ్చింది. నాకు నవ్వొచ్చింది. అంత చేదు నవ్వు నేను మళ్ళీ నవ్వలేదు.

మరో రెండు చోట్ల కూడా అదే మాట. చివరికి ఒక చిన్న జర్నల్ వేసింది. దాన్ని సైట్ చేసినవాళ్ళ కన్నా నా పుట్టినరోజుకు ఫోన్ చేసేవాళ్ళే ఎక్కువ. అదే విషయాన్ని తేలిక తెలుగులో ఒక పేజీ రాసి, మా ఖర్చుతో అచ్చువేసి, నర్సరీల దగ్గర పంచాం. మందు కొట్టేటప్పుడు కాళ్ళకు బూట్లు వేసుకోండి, పని అయ్యాక సబ్బుతో కడుక్కోండి, గాలికి ఎదురుగా నడవకండి అని. కొంతమంది పాటించారు. బూట్లలో చెమట పట్టి, బురదలో ఇరుక్కుపోయి చాలామంది విప్పేశారు. వాళ్ళను తప్పుపట్టను. ఆ ఎండలో ఆ బూట్లు వేసుకుని నేను పది అడుగులు వేయలేను. అయినా నా జీవితంలో కాస్త ఉపయోగపడిన రాత ఏదని అడిగితే ఆ ఒక్క పేజీనే చూపిస్తాను. దానికి సైటేషన్ ఉండదు.

తర్వాత హైదరాబాద్‌లో ఒక సదస్సులో హెడ్ గారు కనబడ్డారు. ప్రేమగా పలకరించారు. ఆయనకు నా మీద కోపం ఎప్పుడూ లేదు.

"మన పేపరు ఎలా పోతోందో చూశావామ్మా? మనిద్దర్నీ నిలబెట్టింది."

"నూకరాజు నిలబడలేకపోతున్నాడండి," అన్నాను.

"ఎవరతను?" అన్నారు. నిజంగానే తెలియక అడిగారు.

ఈ ఉద్యోగంలోకి వచ్చేవాళ్ళకు నేను చెప్పదలచుకున్నది ఇక్కడే చెప్పేస్తాను. మోసగాళ్ళకు భయపడకండి, వాళ్ళు తక్కువ. తొందరలో ఉన్న మంచివాళ్ళకు భయపడండి. పేపరు మీద మీ పేరుంటే చివరి రూపం మీ కళ్ళతో చదివేదాకా బయటికి పోనివ్వకండి, దానికోసం హెడ్‌తో గొడవైనా సరే. గొడవ పడితే మీ ఎదుగుదల ఆగుతుంది, అది కూడా నిజమే. ఆగదని చెప్పి మిమ్మల్ని మోసం చేయను. ఇక సైటేషన్ల అంకె గురించి నా అభిప్రాయం అడిగితే, అది మనిషి విలువను కొలవదు. పరిశోధన విలువనూ కొలవదు. ఒక వాక్యం ఎంతమందికి అవసరపడిందో కొలుస్తుంది, అంతే. అబద్ధం అవసరమైనవాళ్ళు లోకంలో ఎక్కువ.

సన్మానం

పదవీ విరమణ రోజున కాలేజీ సెమినార్ హాల్లో సభ పెట్టారు. వద్దన్నా వినలేదు. తెర మీద నా ఫొటో, కింద పెద్ద అక్షరాల్లో సైటేషన్ల అంకె. ప్రిన్సిపాల్ గారు మైకులో ఆ పేపరు పేరు చదివి, మన కాలేజీ నుంచి ప్రపంచం మొత్తం ఉదహరించిన పేపరు ఇదొక్కటే అన్నారు. చప్పట్లు కొట్టారు.

నన్ను మాట్లాడమన్నప్పుడు అదే చెప్పాను. ఆ పేపరు ముగింపు అబద్ధమని, దాన్ని వెనక్కి తీసుకోవడానికి ప్రయత్నించి ఓడిపోయానని, దాని వల్ల కేసు పోగొట్టుకున్న మనుషులు ఇక్కడికి అరగంట దూరంలో ఉన్నారని. నూకరాజు పేరు చెప్పాను. ఇప్పుడు ఆయన మంచం దిగి ఒంటరిగా నడవలేడని, మంగ ఒక్కతే నర్సరీకి వెళ్ళి మట్టి సంచులు నింపుతోందని కూడా చెప్పాను. లలిత ఒక్కతే తలెత్తి నన్ను చూస్తోంది. ప్రిన్సిపాల్ గారు గొంతు సవరించుకుని "మేడం గారి నిజాయితీకి ఇది నిదర్శనం" అన్నారు. శాలువా కప్పారు. గ్రూప్ ఫొటో తీశారు. భోజనాలకు పిలిచారు.

చేతులు కడుక్కుంటుంటే కొత్తగా చేరిన ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్ వచ్చి పక్కన నిలబడింది. చురుకైన పిల్ల. మొహం పాలిపోయి ఉంది.

"మేడం, ఆ పేపర్ని నేనూ సైట్ చేశానండి. పోయిన నెలే అచ్చయిందండి."

"ఏమని చేశావమ్మా?"

"పురుగుమందులతో నరాలకు హాని కనిపించలేదనండి."

"అందులో ఎవరితో ఎవరిని పోల్చారో చూశావా?"

ఆ అమ్మాయి పంపు కట్టేసి, తల దించుకుని అంది.

"చదవలేదండి. పైన మీ పేరుంది కదా అని చదవలేదండి."